మూడో తరగతి ఏ బడిలో? ఊరిబడి విలీనాల వెనుక లెక్కలు

2022 జులై 5. వేసవి సెలవుల అనంతరం రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలలు తెరుచుకున్న రోజు. పలు గ్రామాల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఎప్పటిలాగే ఊరిబడిలోకి వెళ్లారు. వారి అన్నలు, అక్కలు మాత్రం గేటు వద్దే నిలిచిపోయారు. మూడు నుంచి అయిదో తరగతి వరకు ఇకపై సమీప ఉన్నత పాఠశాలలోనే చదవాలని అంతకు నెల కిందట ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వడమే ఇందుకు కారణం. ఆ వారంలో పలు జిల్లాల్లో తల్లిదండ్రులు పాఠశాలలకు తాళాలు వేశారు. పిల్లలను వెంటబెట్టుకుని రోడ్లపై బైఠాయించారు.

మూడేళ్ల తరువాత, 2025 మే నెలలో, ఆ ఉత్తర్వు రద్దయింది. దాని స్థానంలో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. జూన్‌లో బడులు తెరిచాక కొన్ని గ్రామాల్లో మళ్లీ అదే ఆందోళన! పిల్లలు వెళ్లవలసిన బడి మారిందే తప్ప గ్రామస్థుల ప్రశ్న మారలేదు. మా ఊళ్లో బడి ఉంటుందా, ఉండదా? ఈ ప్రశ్నకు జవాబు నాయకుల ప్రకటనల్లో కన్నా దూరం, హాజరుపట్టీలోని పేర్లు, గ్రాంటు అనే మూడు లెక్కల్లోనే ఎక్కువగా ఉంది.

ఉత్తర్వులో ఏముంది?

2022 జూన్ 10న వెలువడిన జీవో 117 పాఠశాలలను ఆరు రకాలుగా విభజించింది. అంగన్‌వాడీలతో కూడిన శాటిలైట్ ఫౌండేషన్ బడి మొదలుకొని మూడో తరగతి నుంచి ఇంటర్ వరకు ఉండే హైస్కూల్ ప్లస్ వరకు ఈ వర్గీకరణ సాగింది. గ్రామస్థులకు వీటిలో తెలియవలసింది ఒక్కటే. ఉన్నత పాఠశాలకు కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల ఉంటే అందులోని మూడు, నాలుగు, అయిదు తరగతులు ఉన్నత పాఠశాలకు తరలిపోతాయి. ఊరిబడిలో ఒకటి, రెండు తరగతులే మిగులుతాయి. అంతకుముందు విద్యా సంవత్సరంలో ఈ దూరం 250 మీటర్లు మాత్రమే. ఒకే ప్రాంగణంలోనో, రోడ్డుకు అటూ ఇటూనో ఉన్న బడులను కలిపినప్పుడు పెద్దగా గొడవ జరగలేదు. 250 మీటర్లు కిలోమీటరు అయినప్పుడే వివాదం ఊళ్లకు పాకింది.

ఉత్తర్వు రాసినవారి వాదన కొట్టిపారేయదగినది కాదు. అయిదు తరగతులకు ఒక్కరే ఉపాధ్యాయుడు ఉన్న బడిలో చదువు ఎలా సాగుతుందో పిల్లల్ని పంపిన ప్రతి తల్లికీ తెలుసు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే నాలుగో తరగతి ఖాళీగా కూర్చుంటుంది. మాస్టారు మండల కేంద్రానికి సమావేశానికి వెళితే ఆ రోజు బడే ఉండదు. జాతీయ విద్యా విధానం 2020 పత్రం ఈ సంగతినే అంకెల్లో చెప్పింది. 2016-17లో దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు 28 శాతం బడుల్లో 30 మందికన్నా తక్కువ పిల్లలు ఉన్నారు. ఏకోపాధ్యాయ పాఠశాలలు 1,08,017 కాగా, అందులో 85,743 ప్రాథమిక బడులే. మూడో తరగతి నుంచే సబ్జెక్టుకో ఉపాధ్యాయుడు చెబితే పిల్లవాడు గట్టిపడతాడని, ప్రయోగశాల, గ్రంథాలయం, ఆటస్థలం అన్నీ ఒకేచోట దొరుకుతాయని ప్రభుత్వం పేర్కొంది.

అయితే ఆ విధాన పత్రం చిన్న బడుల సమస్యకు సూచించిన పరిష్కారాల్లో ముఖ్యమైనది పాఠశాల సముదాయం. ఒక ఉన్నత పాఠశాల చుట్టూ ఉన్న చిన్న బడులు, అంగన్‌వాడీలు ఉపాధ్యాయులను, వసతులను పంచుకోవాలన్నది దాని సారాంశం. పిల్లలు కదలడం కన్నా మాస్టార్లు, వనరులు కదలడం అందులోని ఆలోచన. క్షేత్రస్థాయిలో కదిలింది మాత్రం ఎనిమిదేళ్ల పిల్లలు.

కిలోమీటరు ఎవరి కొలత?

పటం మీద కిలోమీటరు చిన్నదే. పెద్దవారి నడకలో పావుగంట. కానీ మధ్యలో జాతీయ రహదారి ఉంటే? కాలువ గట్టు మీదుగా వెళ్లవలసి వస్తే? రైల్వే గేటు దాటాలంటే? వానాకాలంలో వాగు పొంగితే? 2022లో వచ్చిన అభ్యంతరాల్లో అధికభాగం ఇవే. శాసనసభ్యుల వద్దకు సైతం ఇవే ఫిర్యాదులు వెళ్లడంతో జిల్లాల్లో అధికారుల కమిటీలు వేసి మ్యాపింగ్‌ను మళ్లీ పరిశీలించవలసి వచ్చింది.

చిత్రమేమంటే ఈ ప్రశ్నలకు చట్టం ముందే జవాబు రాసిపెట్టింది. విద్యాహక్కు చట్టం 2009 కింద కేంద్రం రూపొందించిన నమూనా నియమావళి ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతుల బడి పిల్లల నివాసానికి కిలోమీటరు నడక దూరంలో, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్లలో ఉండాలి. అంతటితో ఆగలేదు. వరద ముప్పు, కొండచరియలు, రోడ్డు లేకపోవడం, దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్నచోట ఆ దూరాన్ని ఇంకా తగ్గించి అయినా ప్రమాదం లేని చోట బడి పెట్టాలని చెప్పింది. ఇక్కడొక కీలకమైన తేడా గమనించాలి. చట్టంలోని కిలోమీటరు పిల్లవాడి ఇంటి నుంచి బడికి. జీవోలోని కిలోమీటరు ఒక బడి నుంచి మరో బడికి. ఊరి చివర కాలనీలో ఉండే పిల్లకు పాత బడే ముప్పావు కిలోమీటరు అయితే, అక్కడి నుంచి మరో కిలోమీటరు కలిస్తే నడక రెండింతలు దాటుతుంది. ఎస్సీ, ఎస్టీ కాలనీలు అనేక గ్రామాల్లో ఊరికి ఎడంగానే ఉంటాయన్నది తెలిసిందే. పటంలో నిబంధన నెరవేరింది, పిల్ల కాళ్లకు మాత్రం నెరవేరలేదు.

దూరంగా ఉన్న బడికి పంపితే రవాణా భత్యం ఇవ్వాలి. సమగ్ర శిక్ష కింద నెలకు రూ.600 వంతున పది నెలలకు రూ.6,000 ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ సొమ్ము పిల్లవాడి పేరు అర్హుల జాబితాలో చేరిన తరువాతే వస్తుంది. ఆటో కిరాయి మాత్రం మొదటి నెలలోనే కట్టాలి. కూలి పనికి ఉదయం ఏడింటికే వెళ్లే తల్లిదండ్రులు పిల్లను దిగబెట్టి రాలేరు. ఇదివరకు అయిదో తరగతి అన్న ఒకటో తరగతి చెల్లి చెయ్యి పట్టుకుని ఊరిబడికి తీసుకెళ్లేవాడు. బడులు రెండయ్యాక ఆ చెయ్యి కూడా లేకుండా పోయింది.

మిగిలిన రెండు తరగతుల మాటేమిటి?

వివాదమంతా వెళ్లిపోయిన మూడు తరగతుల చుట్టూ తిరిగింది. నిజానికి అసలు దెబ్బ మిగిలిన రెండు తరగతులకే తగిలింది. ఒకటి, రెండు తరగతుల ఫౌండేషన్ బడిలో 30 మంది వరకు ఒకే ఎస్జీటీ అని లెక్క వేశారు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు మాత్రం 60 మంది వరకు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలంటోంది. ఏకోపాధ్యాయ బడులను తగ్గిస్తామన్న విధానం వాటినే పెంచుతోందని ఉపాధ్యాయ సంఘాలు విమర్శించింది ఇందుకే.

ఒంటరి మాస్టారు, 15 మంది పిల్లలు, మూతపడిన గదులు. ఈ దృశ్యం చూసిన తల్లి ఏం చేస్తుంది? ఎలాగూ రెండేళ్లలో బడి మార్చవలసిందే కదా, ఇప్పుడే మారుద్దామనుకుంటుంది. ఇంటి ముందుకు ప్రైవేటు బడి వ్యాను వస్తుంది. అప్పటి అమ్మఒడి సొమ్ము, 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం సొమ్ము ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండింటిలో చదివే పిల్లలకూ వర్తించేవే. పిల్లను ఊరిబడి మాన్పించినందుకు ఆ ఇంటికి పోయేదేమీ లేదు. మరుసటి ఏడాది హాజరుపట్టీలో పేర్లు ఇంకా తగ్గుతాయి. తగ్గిన ఆ సంఖ్యే ‘ఈ బడికి పిల్లలు రావడం లేదు’ అనే నివేదికకు ఆధారమవుతుంది. పిల్లలు రాక బడి చిక్కిపోతోందా, బడిని చిక్కబరిచినందున పిల్లలు రావడం లేదా అన్నది ఆ నివేదికలో ఉండదు.

గ్రాంటు కూడా తలల లెక్కే

నిధుల విషయం గ్రామ చర్చల్లో తక్కువగా వినిపిస్తుంది. సమగ్ర శిక్ష నిధుల్లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. దీని కింద సుద్దముక్కలు, విద్యుత్తు బిల్లు, చిన్న మరమ్మతుల కోసం ప్రతి బడికీ ఏటా ఇచ్చేది కాంపోజిట్ గ్రాంటు. అది విద్యార్థుల సంఖ్యను బట్టి మెట్లుగా ఉంటుంది. 30 మంది వరకు రూ.10 వేలు, 31 నుంచి 100 మంది వరకు రూ.25 వేలు, 250 మంది వరకు రూ.50 వేలు, 1,000 మంది వరకు రూ.75 వేలు, ఆపైన రూ.లక్ష. ఇందులో పదో వంతు పారిశుద్ధ్యానికి వెచ్చించాలి.

42 మంది పిల్లలున్న ఒక ఊరిబడిని ఉదాహరణగా తీసుకుందాం. దాని గ్రాంటు రూ.25 వేలు. మూడు నుంచి అయిదు తరగతుల్లోని 25 మంది 320 మంది ఉన్న ఉన్నత పాఠశాలకు వెళ్లారు. ఊరిబడిలో 17 మంది మిగిలారు కాబట్టి గ్రాంటు రూ.10 వేలకు దిగింది. ఉన్నత పాఠశాలలో సంఖ్య 345కు పెరిగినా అదే మెట్టులో ఉన్నందున గ్రాంటు రూ.75 వేలే. రెండు బడులకూ కలిపి చూస్తే అదే పిల్లలకు ఏటా రూ.15 వేలు తగ్గింది. ఎవరూ కోత విధించలేదు, ఎవరి సంతకమూ అక్కరలేదు. మధ్యాహ్న భోజనం వండేవారి సంఖ్య కూడా ఇలాగే కుదించుకుపోతుంది. 25 మంది వరకు ఒకరు, ఆపైన 100 మంది వరకు ఇద్దరు అన్నది నిబంధన. అంటే ఊరిబడిలో ఇద్దరు వంటవారిలో ఒకరి పని పోతుంది. ఉన్నత పాఠశాలలో అవకాశం వచ్చినా అది ఆమెకే దక్కుతుందన్న హామీ లేదు.

గదుల పరిస్థితీ అంతే. నాడు-నేడులో రంగులు వేసి, బల్లలు కొనిపెట్టిన ప్రాథమిక బడుల గదులు ఖాళీ అయ్యాయి. గదులు చాలని ఉన్నత పాఠశాలల్లో మూడో తరగతి వరండాకు, చెట్టు కిందకు చేరింది.

2025లో మారిందేమిటి?

2025 మే 13న వచ్చిన 19, 20, 21 నంబరు జీవోలు 117ను పక్కనపెట్టాయి. ఉన్నత పాఠశాలలకు వెళ్లిన మూడు, నాలుగు, అయిదు తరగతులను తిరిగి ప్రాథమిక విద్యలోకి తెచ్చాయి. పాఠశాలలు ఈసారి తొమ్మిది రకాలయ్యాయి. ఇందులో ప్రధానమైనది మోడల్ ప్రాథమిక పాఠశాల. తరగతికో ఉపాధ్యాయుడు ఉండే ఇలాంటి బడులు రాష్ట్రంలో 9 వేలకు పైగా ఏర్పాటయ్యాయి. ఇది చిన్న మార్పు కాదు. తరగతికో మాస్టారు అన్నది ఉపాధ్యాయ సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నదే.

కానీ తరగతికో ఉపాధ్యాయుడిని ఇవ్వాలంటే బడిలో తగినంతమంది పిల్లలు ఉండాలి. ఒక ఊరి బడి మోడల్ అయితే పక్క ఊరి బడి నుంచి పెద్ద తరగతుల పిల్లలు అక్కడికి వెళ్లవలసి వస్తుంది. ఇదివరకు హైస్కూలుకు వెళ్లినవారు ఇప్పుడు పొరుగూరి ప్రాథమిక బడికి వెళతారు. మోడల్ బడి వచ్చిన ఊరికి ఇది వరం, రాని ఊరికి పాత కథే. ఒకే పంచాయతీలోని రెండు శివారు గ్రామాలు ‘మా ఊళ్లో పెట్టండి’ అంటూ ఎదురెదురుగా నిలవడానికి కారణం ఇదే.

ఇది మన రాష్ట్రానికే పరిమితమైన తగవు కాదు. రాజస్థాన్‌లో 2014లో వేలాది బడులను కలిపారు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2025 జూన్‌లో తక్కువమంది పిల్లలున్న బడులను జతచేయాలని నిర్ణయించగా, జులై 7న అలహాబాద్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం అందుకు అడ్డు చెప్పలేదు. అదే నెల 24న ద్విసభ్య ధర్మాసనం సీతాపూర్ జిల్లా మేరకు యథాతథ స్థితి కొనసాగించాలని ఆదేశించింది.

గ్రామస్థుల చేతిలో ఉన్నదేమిటి?

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, గ్రాంట్ల ఖర్చును పరిశీలించడం ఈ కమిటీ విధులు. 2022లో తరగతులు తరలిపోయాక పలు కమిటీలకు విషయం తెలిసింది. 2025లో మోడల్ బడుల ఎంపికకు ముందు కమిటీల అభిప్రాయం అడిగారు. అడిగినచోట కూడా తీర్మానం పుస్తకంలో ఏం రాశారో చదవకుండా సంతకం చేసిన తల్లులు తక్కువేమీ కాదు. పనివేళలో సమావేశం పెడితే కూలి మానుకుని వచ్చి ఎంతమంది చదువుతారు?

కమిటీ సభ్యులు అడగవలసినవి పెద్ద ప్రశ్నలేమీ కావు. దూరాన్ని ఏ దారిన కొలిచారు, చివరి ఇంటి నుంచి కొలిచారా లేక బడి గేటు నుంచా అన్నది మొదటిది. పిల్లలు కొత్త బడికి వెళ్లేనాటికే అక్కడ ఉపాధ్యాయుడు చేరి ఉంటాడా అన్నది ఇంకొకటి. సర్దుబాటు ఉత్తర్వు ఒక నెల, బదిలీల కౌన్సెలింగ్ మరో నెల అయితే మధ్యలో నష్టపోయేది తరగతే. రవాణా భత్యానికి పిల్లవాడి పేరు నమోదైందో లేదో ప్రధానోపాధ్యాయుని వద్దే తెలుసుకోవచ్చు. వీటికి వచ్చిన జవాబులను, అభ్యంతరం ఉంటే దానిని, తీర్మానం పుస్తకంలోనే రాయించి నకలు తీసుకోవాలి. మండల విద్యాశాఖాధికారికి, జిల్లా విద్యాశాఖాధికారికి ఇచ్చే అర్జీతో పాటు ఆ నకలు జతచేస్తే, తరువాతి సర్దుబాటు దస్త్రంలో విద్యార్థుల సంఖ్య పక్కన దారిలో ఉన్న కాలువ గురించి కూడా ఒక వాక్యం ఉంటుంది.