మూతి వంకర పోతే ముందు నుదురు చూడండి

పొద్దున్నే పళ్లు తోముకుని పుక్కిలించబోతే నీళ్లు ఓ పక్క నుంచి కారిపోతాయి. అద్దంలో చూసుకుంటే మూతి ఓ వైపుకు లాగేసి ఉంటుంది. ఇంట్లో వాళ్ల నోట వచ్చే మొదటి మాట 'పక్షవాతం'. రెండోది 'రాత్రి బస్సులో కిటికీ తెరుచుకుని కూర్చున్నావు కదా, గాలి కొట్టింది'.

మెదడు నుంచి నేరుగా బయల్దేరే నరాలు 12 జతలు. వీటినే కపాల నరాలంటారు. ముఖాన్ని కదిలించేది వీటిలో ఏడోది. మిగతావాటి కంటే ఎక్కువ అపోహలు దీని చుట్టూనే ఉన్నాయి.

అపోహ: మూతి వంకర పోయిందంటే పక్షవాతమే.

కనుబొమలు పైకెత్తమనండి. నుదుటి కండరాలకు మెదడులోని రెండు అర్ధభాగాల నుంచీ ఆదేశాలు అందుతాయి. అందుకే పక్షవాతంలో మెదడు ఓ పక్క దెబ్బతిన్నా నుదుటి మీద ముడతలు సాధారణంగా రెండు వైపులా పడతాయి. దెబ్బ తగిలింది ఏడో నరానికే అయితే ముఖంలో ఆ సగమంతా కదలదు. నుదురు నున్నగా ఉండిపోతుంది. కన్ను మూయబోతే రెప్ప పడదు, కనుగుడ్డు మాత్రం పైకి తిరిగిపోతుంది. అన్నం మెతుకులు బుగ్గకూ చిగురుకూ మధ్య చిక్కుకుంటాయి. ప, బ సరిగ్గా పలకవు. కొందరికి ఆ వైపు చెవిలో చిన్న చప్పుడు కూడా గట్టిగా వినిపిస్తుంది, నాలుక ముందు భాగంలో రుచి తగ్గుతుంది. చెవిలోని ఓ బుల్లి కండరమూ, నాలుక నుంచి రుచిని మోసే పోగులూ ఈ నరానివే మరి.

ఏడో నరం ఇలా ఉన్నట్టుండి చచ్చుబడటాన్ని బెల్స్ పాల్సీ అంటారు. 1821లో ముఖ నరాల గురించి రాసిన స్కాట్లండ్ సర్జన్ చార్లెస్ బెల్ పేరే దీనికి పెట్టారు.

అయితే నుదురు చూసి మీరే తీర్పు చెప్పేసుకోవద్దు. మెదడు కాండంలో వచ్చే పక్షవాతం నుదుటినీ పడగొట్టగలదు. చెయ్యీ కాలూ లాగేసినా, మాట తడబడినా, అసలు ఏ కొంచెం అనుమానమున్నా 108కి ఫోన్ చేయాల్సిందే. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉండే గడువు నాలుగున్నర గంటలే.

అపోహ: చల్లగాలి తగిలితే వస్తుంది.

ఏడో నరం చెవి వెనక ఎముకలో ఓ ఇరుకు గొట్టంలోంచి వస్తుంది. నరం వాస్తే ఆ గొట్టంలో చోటు చాలదు, నలుగుతుంది. ఒంట్లో ఎప్పటి నుంచో నిద్రపోతున్న హెర్పిస్ వైరస్ మళ్లీ లేచి ఈ వాపు తెస్తుందని చాలామంది డాక్టర్ల అభిప్రాయం. షుగరున్నవాళ్లకూ, నెలలు నిండుతున్న గర్భిణులకూ ముప్పు కాస్త ఎక్కువ. కిటికీ మీద నేరం మోపడం తేలికే కానీ, దానికి గట్టి ఆధారమేమీ లేదు.

అపోహ: పసరు పోయిస్తే, పావురం రక్తం రాస్తే తగ్గుతుంది.

తగ్గుతుంది. ఏమీ రాయకపోయినా తగ్గుతుంది! మందేమీ వాడకపోయినా పదిమందిలో ఏడుగురు దాదాపు పూర్తిగా కోలుకుంటారు. పసరు వైద్యుడి పేరు ఊళ్లో మోగిపోవడానికి ఆ ఏడుగురు చాలు. మిగిలిన ముగ్గురి సంగతే చూడాలి. మొదటి 72 గంటల్లో స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే పూర్తిగా కోలుకునే అవకాశం పెరుగుతుంది. ఆ మూడు రోజులూ పసరు చుట్టూ తిరిగితే పోయేది ఆ అవకాశమే. షుగరున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, స్టెరాయిడ్‌తో షుగరు పెరుగుతుంది.

అన్నిటికంటే అశ్రద్ధకు గురయ్యేది కన్ను. రెప్ప పడక ఎండిపోతే నల్లగుడ్డు మీది పొర పుండు పడుతుంది. పగలు చుక్కల మందు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్పను టేపుతో మూయడం తప్పనిసరి. ఇక కొద్దిమందికి నరం తిరిగి పెరిగేటప్పుడు పోగులు దారి తప్పుతాయి. లాలాజల గ్రంథికి వెళ్లాల్సినవి కన్నీటి గ్రంథికి చేరితే భోజనం చేస్తున్నప్పుడల్లా ఆ కంట నీళ్లు కారుతాయి. కూరలో కారం తప్పేం లేదు.

అపోహ: దవడలో షాక్ కొట్టినట్టుంటే పన్ను పీకించుకోవాలి.

ముఖాన్ని కదిలించేది ఏడో నరమైతే, ముఖం మీది స్పర్శా నొప్పీ తెలిపేది ఐదోది. దీన్ని రక్తనాళం ఒత్తితే గడ్డం గీసుకున్నా, మొహం కడుక్కున్నా మెరుపులా నొప్పి కొడుతుంది. దీనికి మామూలు నొప్పి బిళ్లలు పనిచేయవు, కార్బమజపైన్ లాంటివి వాడాలి. మంచి పన్ను పీకించుకుని, నొప్పి అలాగే ఉందని పక్క పన్నూ చూపించేవాళ్లు ఉన్నారు.

అపోహ: కపాల నరాలు తలకే పరిమితం.

పదో నరం వేగస్ గుండెనూ ఊపిరితిత్తులనూ పలకరించి పొట్ట దాకా వెళుతుంది. స్వరపేటిక ఎడమ వైపును కదిలించే దీని కొమ్మ మెడలోనే ఆగకుండా ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద ధమని కింది నుంచి మలుపు తిరిగి పైకి వస్తుంది. ఊపిరితిత్తిలో గడ్డ పెరిగి దాన్ని నొక్కితే గొంతు బొంగురు పోతుంది. అందుకే మూడు వారాలు దాటినా బొంగురు తగ్గని పొగరాయుడికి గొంతు డాక్టరు ఛాతీ స్కాన్ రాస్తే, అది బిల్లు పెంచడానికి కాదు.