ఈ ఏడాదైనా ఆ నవలలు చదువుదాం!

చాలా ఇళ్ళల్లో అలమారా పైఅరలోనో, ట్రంకు పెట్టె అడుగునో నాలుగైదు లావుపాటి నవలలు ఉంటాయి. కాలేజీ రోజుల్లో ఎవరో బాగుందంటే కొన్నవి, పెళ్ళికి బహుమతిగా వచ్చినవి, అన్నయ్యో తమ్ముడో వదిలేసి వెళ్ళినవి. ఇల్లు దులిపినప్పుడల్లా వాటిని చేతిలోకి తీసుకుంటాం. అట్ట తుడుస్తాం. “తీరిక దొరికాక చదవాలి” అనుకుంటూ మళ్ళీ అక్కడే పెట్టేస్తాం.

ఆ తీరిక ఎప్పుడొస్తుంది చెప్పండి? పిల్లలు చిన్నవాళ్ళని కొన్నాళ్ళు, పదో తరగతని కొన్నాళ్ళు, అత్తగారికి ఒంట్లో బాగుండటం లేదని కొన్నాళ్ళు. ఇడ్లీపిండి రుబ్బకపోతే తెల్లారేసరికి ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. మనం నవల చదవకపోతే మాత్రం ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. అందుకే ఆ పని ఎప్పుడూ వెనక్కి పోతూనే ఉంటుంది.

మా అమ్మ కూడా “బాధ్యతలు తీరాక చదువుకుంటానే” అనేది. తీరాయి. నలుగురు పిల్లల పెళ్ళిళ్ళూ అయ్యాయి. అప్పటికి ఆవిడ కళ్ళు సహకరించడం మానేశాయి. శుక్లాల ఆపరేషను అయ్యాక కూడా నాలుగు పేజీలు చదివేసరికి తలనొప్పి. ఆవిడ దాచుకున్న పుస్తకాలు ఇప్పుడు నా దగ్గరున్నాయి. సూదిలో దారం ఎక్కించడానికి నాకూ కళ్ళజోడు అవసరమైన రోజున అమ్మే గుర్తొచ్చింది. అందుకే ఏడాదికి సరిపడా కందిపప్పు, చింతపండు లెక్కవేసుకున్నట్టే నవలలకీ ఒక పట్టిక వేసుకున్నాను. మీకూ పనికొస్తుందేమోనని ఇక్కడ రాస్తున్నాను.

లావు చూసి జడవకండి

మనం వారం వారం సీరియల్ చదవడం అలవాటున్నవాళ్ళమే కదా! ప్రపంచ ప్రసిద్ధి పొందిన లావుపాటి నవలలు చాలా వరకూ మొదట సీరియల్స్‌గా వచ్చినవే. డికెన్స్ రాసిన డేవిడ్ కాపర్‌ఫీల్డ్ 1849, 1850 సంవత్సరాల్లో నెలకో భాగంగా వచ్చింది. టాల్‌స్టాయ్ రాసిన అన్నా కెరనినా 1875 నుంచి 1877 దాకా ఒక పత్రికలో వచ్చింది. అంటే వాటిని ఒక్క బిగిన చదవాలని రూలేమీ లేదు. కొంచెం కొంచెంగా చదివిన వాళ్ళే వాటిని మొదట మెచ్చుకున్నారు.

విక్టర్ హ్యూగో 1862లో ప్రచురించిన లే మిజరబుల్స్ సంగతి చూడండి. చెల్లాచెదురైన బతుకుల కథ అది. 1950లో నాగయ్య గారు నటించిన బీదలపాట్లు సినిమాకి మూలం ఈ నవలే. అక్క పిల్లల ఆకలి చూడలేక రొట్టె దొంగిలించిన మనిషి పంతొమ్మిదేళ్ళు జైల్లో మగ్గిపోతాడు. బయటికొచ్చాక ఆ మనిషి ఏమయ్యాడన్నదే కథ. పుస్తకం ఇటుకంత ఉంటుంది గానీ అందులో సరిగ్గా 365 అధ్యాయాలున్నాయి! రోజుకొకటి చొప్పున చదివితే ఏడాదికి పూర్తవుతుంది. చాలా అధ్యాయాలు నాలుగైదు పేజీలే. కుక్కర్ మూడు కూతలు కూసేలోగా అయిపోతాయి. మధ్యలో వాటర్లూ యుద్ధం వర్ణన చాలా పొడుగ్గా ఉంటుంది. విసుగొస్తే నిశ్చింతగా దాటెయ్యండి.

ఇది ఏడాది పొడుగునా నడిచే పుస్తకం. దీనికి తోడు ఇంటి పనులకి తగ్గట్టుగా చిన్నా పెద్దా మరికొన్ని.

నా పట్టిక ఇదీ

జనవరి: సంక్రాంతికి పిండివంటలు, వచ్చేపోయే చుట్టాలు. పెద్ద పుస్తకం పట్టుకోలేం. హెమింగ్వే 1952లో రాసిన ఓల్డ్ మాన్ అండ్ ది సీ చాలా చిన్నది. ఎనభై నాలుగు రోజులుగా ఒక్క చేపా పడని క్యూబా ముసలి జాలరి కథ. ఇంగ్లీషు కూడా తేలిక. మన ఇంటర్ చదువు సరిపోతుంది.

ఫిబ్రవరి, మార్చి: పిల్లల పరీక్షలు. వాళ్ళు రాత్రి చదువుకుంటుంటే మనం పక్కన కూర్చోక తప్పదు. ఊరికే కునికిపాట్లు పడేకన్నా పెర్ల్ బక్ గారి గుడ్ ఎర్త్ తెరవండి. 1931లో వచ్చిన ఈ నవలలో చైనా రైతు భార్య ఓలాన్ ఉంది. పురుడు పోసుకున్న రోజే మళ్ళీ పొలానికి వెళ్ళే మనిషి. తన కోసమని జీవితంలో రెండే రెండు ముత్యాలు దాచుకుంటుంది. సంపద పెరిగాక మొగుడు ఆ రెండూ అడిగి తీసుకుని ఇంకో ఆడదానికిస్తాడు. ఆ పేజీ చదివాక బీరువాలోని మన గొలుసు వంక ఒకసారి చూసుకోని వాళ్ళుండరు.

ఏప్రిల్: గోర్కీ అమ్మ. క్రొవ్విడి లింగరాజు గారి తెలుగు అనువాదం ప్రసిద్ధం. తాగుబోతు మొగుడి చేతిలో దెబ్బలు తిని తిని నోరు మూసుకుపోయిన ఆడమనిషి, కొడుకు వల్ల లోకం చూస్తుంది. నలభై ఏళ్ళ వయసులో అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంటుంది. మన వయసే మరి!

మే: ఆవకాయ, మాగాయ, ఒడియాలు, పుట్టింటి ప్రయాణాలు. ఈ నెల కొత్త పుస్తకం లేదు. పట్టికలో ఖాళీ కావాలనే వదిలాను. ఖాళీ లేని పట్టిక రెండో నెలకే అటకెక్కుతుంది. జూన్‌లో బడులు తెరిచే హడావుడి కాబట్టి అప్పటికి మిగిలిపోయింది పూర్తి చేసుకోవచ్చు.

జులై: ఆషాఢం. పెళ్ళి ముహూర్తాలు లేని నెల. జపాన్ రచయిత తనిజాకి రాసిన మకియోకా సిస్టర్స్‌కి ఇదే సరైన సమయం. ఒసాకాలో చితికిపోయిన పెద్దింట్లో నలుగురు అక్కచెల్లెళ్ళు. మూడో అమ్మాయికి ముప్ఫై వచ్చినా పెళ్ళి కుదరదు. పెళ్ళిచూపులు, మధ్యవర్తులు, అవతలి కుటుంబం గురించి ఆరాలు! అది జపానో, మన మేనత్తగారి ఇల్లో అర్థం కాదు. దీన్ని 1943లో సీరియల్‌గా మొదలుపెడితే యుద్ధకాలంలో ఇలాంటి ఆడవాళ్ళ కథలేమిటని ప్రభుత్వం ఆపించేసింది. ఆ ప్రభుత్వం పోయింది, నవల మిగిలింది.

ఆగస్టు: శ్రావణ మాసం. వ్రతాలు, పేరంటాలు. చదవాల్సింది చిన్నదే గానీ బరువైనది. ఆఫ్రికాలోని సెనెగల్ దేశపు రచయిత్రి మరియామా బా 1979లో రాసిన సో లాంగ్ ఎ లెటర్. భర్త పోయి ఇంట్లో మైల పాటిస్తున్న ఒకావిడ తన చిన్ననాటి స్నేహితురాలికి రాసుకున్న ఉత్తరం. ఇరవై అయిదేళ్ళ కాపురం తర్వాత ఆ భర్త కూతురి స్నేహితురాలినే రెండో పెళ్ళి చేసుకున్నాడు. పసుపు కుంకుమల నెలలో ఇదేమిటి అంటారా? కష్టం చెప్పుకోవడానికి ఒక స్నేహితురాలు ఉండటం ఎంత అదృష్టమో తెలియాలంటే ఇది చదవాలి.

సెప్టెంబరు, అక్టోబరు: వినాయకచవితి, దసరా. నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో రాసిన థింగ్స్ ఫాల్ అపార్ట్. ఇరవై అయిదు పొట్టి అధ్యాయాలే. పెండలం దుంపల పంట, కొత్త పంట పండగ, ఊరి కట్టుబాట్లు, తెల్లవాళ్ళ రాకతో అవన్నీ ఎలా కూలిపోయాయో చెబుతుంది.

నవంబరు, డిసెంబరు: ఏడు తరాలు. అలెక్స్ హేలీ 1976లో రాసిన రూట్స్‌కి సహవాసి గారి తెలుగు. ఆఫ్రికా నుంచి అమెరికాకి బానిసగా అమ్ముడుపోయిన కుంటా కింటే, అతని తర్వాతి తరాల కథ. ఇంటి పేరు, ముత్తాతల ఊసులు ఆ తల్లులు పిల్లలకి నోటిమాటగానే అందించారు.

కొన్ని చిట్కాలు

రష్యన్ నవలల్లో ఒక్కో మనిషికి సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఉంటాయి. ముద్దుపేర్లు వేరే. పాత క్యాలెండరు కాగితం వెనక వరసలతో సహా రాసి పుస్తకంలో పెట్టుకుంటే తికమక ఉండదు. ఇంగ్లీషులో ప్రతి మాటకీ డిక్షనరీ చూడకండి. పేజీకి ఒకటి రెండు చాలు. కథే మిగతా అర్థం చెబుతుంది.

అన్నీ కొనక్కర్లేదు. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. హైదరాబాద్ వాళ్ళకి ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్లు, బెజవాడ వాళ్ళకి జనవరి పుస్తక మహోత్సవం ఉన్నాయి. ఒకప్పుడు మాస్కో నుంచి తెలుగులోనే అచ్చయి వచ్చిన రాదుగ, ప్రగతి వాళ్ళ పుస్తకాలు పాత పుస్తకాల షాపుల్లో ఇప్పటికీ కనబడుతుంటాయి. హ్యూగో, డికెన్స్ లాంటి పాతవాళ్ళ నవలలు ఇంగ్లీషులో ఫోన్లోనే ఉచితంగా దొరుకుతాయి.

ముఖ్యమైనది ఇంకొకటి. చదివే వేళని ఇంట్లో వాళ్ళకి చెప్పి పెట్టండి. మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడు దాకా అమ్మ చదువుకుంటుంది అని అందరికీ తెలియాలి. దొంగచాటుగా చదివితే ఆ అరగంటని ఎవరైనా లాగేసుకుంటారు. నెల చివర పాల లెక్క రాసే నోటు పుస్తకంలోనే, చదివిన నవల పేరు, మనకి నచ్చిన మనిషి పేరు ఒక వాక్యంలో రాసుకోండి. ఏడాది పూర్తయ్యాక ఆ పేజీలు తిరగేస్తే పాలకీ, పెరుగుకీ పోగా మనకంటూ ఏం మిగిలిందో లెక్క తేలుతుంది.

ఏమంటారు? మొదటి అధ్యాయం ఈ మధ్యాహ్నమే మొదలుపెడదామా?