జిడ్డును కరిగించేదేది?

ఊడిన సైకిల్ చైను ఎక్కించాక, చేతికంటిన నల్లని జిడ్డును ఉత్త నీళ్ళతో కడిగి చూశారా? ఎంత రుద్దినా పోదు. కిరసనాయిలులో ముంచిన గుడ్డతో తుడిస్తే ఇట్టే వదులుతుంది. ఎందుచేత?

నీటి అణువులో హైడ్రోజన్ల వైపు కొద్దిగా ధనావేశం, ఆక్సిజన్ వైపు కొద్దిగా ఋణావేశం ఉంటాయి. అందుచేత ఆ అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. జిడ్డులోని నూనె అణువులు కార్బన్, హైడ్రోజన్‌ల పొడవైన గొలుసులు. వాటిలో అలాంటి ఆవేశాలు లేనట్లే. కాబట్టి నీరు వాటిని తనలో చేరనివ్వదు. కిరసనాయిలు అణువులూ అటువంటి గొలుసులే, కాకపోతే పొట్టివి. సజాతిని సజాతి కరిగిస్తుందన్నమాట!

అలాగయితే ఇంజను భాగాలను పెట్రోలుతో కడగవచ్చునా? కూడదు! సున్నాకు 40 డిగ్రీల సెల్సియస్ దిగువన కూడా పెట్రోలు నిప్పంటుకునేంత ఆవిరినిస్తుంది. గాలికంటే బరువైన ఆ ఆవిరి నేలబారున పాకి, దూరానున్న స్టవ్వును చేరగలదు. కిరసనాయిలు అంత ఆవిరినివ్వాలంటే సుమారు 35, 40 డిగ్రీల వేడి కావాలి. మన ఎండాకాలంలో అది మామూలే! కనుక దాన్నీ నిప్పుకు దూరంగా, గాలి ఆడేచోటనే వాడాలి.

ఒకప్పుడు నిప్పంటని కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను వాడేవారు. అది కాలేయానికి, ఓజోన్ పొరకు కూడా చేటు. అందుకే 1990లో దానిని మాంట్రియల్ ఒప్పందపు ఆంక్షల కిందికి తెచ్చారు.

సబ్బు నీరు మంటకు భయపడనక్కరలేనిది. సబ్బు అణువు ఒక కొసతో జిడ్డును, మరో కొసతో నీటిని పట్టుకుంటుంది. ఇనుప భాగాలనైతే కడిగిన వెంటనే ఆరబెట్టాలి, లేకుంటే తుప్పు పడుతుంది.

కాస్టిక్ సోడా నీరు కూడా జిడ్డును వదిలిస్తుంది. అయినా అల్యూమినియం పిస్టన్‌ను దానిలో వేయరాదు. ఎందుకో, అప్పుడు ఏ వాయువు వెలువడుతుందో మీ రసాయనశాస్త్ర పాఠంలో వెదకి చూడండి!