‘బహాస’ తెలియదు అంటే ఏమిటి?



పోయిన నెల మా సంఘం ఆఫీసుకు ఒక పెద్దాయన వచ్చారు. అక్కడే ఆడుకుంటున్న మా మనవడు ఎదురెళ్లి "రా తాతా, కూర్చో" అన్నాడు. వాడు పిలిచింది ప్రేమగానే. ఆయన మాత్రం ఒక్క క్షణం ఆగి, నా వైపు చూసి కూర్చున్నారు. వాడే బడిలో తమిళంలో అయితే "వాంగ, ఉట్కారుంగ" అని తప్పు లేకుండా అంటాడు. ‘రండి, కూర్చోండి’ వాడికి ఎవరూ నేర్పలేదు. ఆ ‘ఎవరూ’లో నేనూ ఉన్నాను.

మలేషియాలో ఉద్యోగం చేసి వచ్చిన మా సభ్యుడొకరికి ఈ సంగతి చెప్పాను. "అక్కడ ఇలాంటి వాళ్లను ‘బహాస తెలియదు’ అంటారండీ" అన్నారు. అప్పటి నుంచి ఆ మాట వెంటపడ్డాను.

‘బహాస’ అంటే మలయ్‌లో భాష. (మలయ్ వేరు, మలయాళం వేరు.) మాట సంస్కృతం నుంచి వెళ్లిందే. మలయ్‌లో ‘భ’ లాంటి ఒత్తక్షరాలు లేవు, అందుకని దాన్ని ‘బహ’గా విడదీసుకున్నారు. మన భయం అక్కడ ‘బహాయ’ అయి ప్రమాదం అనే అర్థం తెచ్చుకుంది. భాగ్యం ‘బహాగియా’ అయి సంతోషమైంది. పరిభాష ‘పెరిబహాస’ అయి సామెతైంది. ఈ రాకపోకలు నిన్నటివి కావు. సుమత్రాలోని పలెంబాంగ్ దగ్గర దొరికిన క్రీ.శ. 683 నాటి కెడుకాన్ బుకిట్ శాసనం పాత మలయ్‌లో, పల్లవ లిపిలో ఉంది. అందులోనే సంస్కృత పదాలు కనిపిస్తాయి.

ఇండోనేషియా భాషను చాలామంది బయటివాళ్లు ఉత్త ‘బహాస’ అంటారు. అది సరికాదు. మనల్ని చూసి "వీళ్లు భాష మాట్లాడతారు" అన్నట్టుంటుంది. పూర్తి పేరు బహాస ఇండోనేషియా. డచ్చివారి పాలనలో 1928 అక్టోబరు 28న బటావియాలో యువజనులు చేసిన ప్రతిజ్ఞలో ఆ పేరు నిలిచింది. అక్కడ జావా భాష మాట్లాడేవాళ్లే ఎక్కువైనా, రేవుల్లో, సంతల్లో అందరినీ కలిపిన మలయ్‌నే ఉమ్మడి భాషగా ఎంచుకున్నారు.

ఇక అసలు సంగతి. మలయ్‌లో ‘బహాస’కు మర్యాద అనే అర్థం కూడా ఉంది. ‘బుది బహాస’ అంటే మంచి నడవడి. ‘బుది’ మన బుద్ధే. ‘బహాస తెలియనివాడు’ అంటే నోరు రానివాడు కాదు, ఎదుటివాళ్లతో ఎలా మెలగాలో తెలియనివాడు. జావా భాషలో ఇదే మాట ‘బస’ అయింది. అక్కడ సాటివాళ్లతో మాట్లాడే తీరు ‘ఙోకో’, పెద్దలతో మాట్లాడే తీరు ‘క్రమ’. ‘బస’ రాదు అంటే ఆ రెండోది రాదని. జావా మాట గలగలా మాట్లాడే పిల్లవాడికి కూడా ‘బస’ రాకపోవచ్చు. అచ్చం మా మనవడి సంగతే.

మలయ్‌లో ఒక నానుడి ఉంది: బహాస జీవ బంగ్స. భాష, జీవ, వంశ - మూడూ మనకు తెలిసిన మాటలే. భాషే జాతికి ప్రాణం అని అర్థం. మలేషియాలో రబ్బరు తోటల పనికి వెళ్లిన మన తెలుగువాళ్ల మనవలు కూడా బడిలో ఆ భాషే చదువుతున్నారు, ఇంట్లో తెలుగు నిలుపుకోవడానికి మనలాగే తంటాలు పడుతున్నారు.

తమిళనాడులోనైనా, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రల్లోనైనా మన పిల్లలు ఇంట్లో వినే తెలుగు ఎక్కువగా పెద్దవాళ్లు పిల్లలతో మాట్లాడే తెలుగే: రా, తిను, పడుకో. మనం ఇంకొకరిని ‘మీరు’ అనడం వాళ్లు వినేది తక్కువ. వినని మాట వాళ్ల నోటికి ఎలా వస్తుంది? అక్షరాలు నేర్పడం మంచిదే, కానీ ఇది పలకతో వచ్చేది కాదు. ఇంటికి వచ్చినవాళ్లతో, ఫోనులో బంధువులతో పిల్లల ముందే తెలుగులో మాట్లాడాలి.

నోరు మంచిదైతే ఊరు మంచిది అన్నారు మన పెద్దలు. పోయిన ఆదివారం ఆ పెద్దాయన మళ్లీ వచ్చారు. మావాడు నా ముఖం చూసి, "రండి తాతా, కూర్చో" అన్నాడు. సగం వచ్చింది. మిగతా సగం నేర్పే పని నాది.