పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట

చదువునకు వయసుతో పని లేదని మనము తరచు చెప్పుచుందుము. ఆ మాట అందరికి వర్తించుచున్నదా? మేధోవైకల్యము గల యువకుడు పదునెనిమిదేండ్లు నిండి బడి విడిచిన పిమ్మట అతనికి చదువు చెప్పువారు అరుదు. తలిదండ్రులు వృద్ధులగుచుందురు. అతడు అరుగుమీద కూర్చుండి వీధి చూచుచుండును.

చట్టము వీరిని మరువలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమునందు 31వ సెక్షను, నిర్ణీత ప్రమాణమునకు తగిన వైకల్యము గల బాలలకు ఆరు మొదలు పదునెనిమిదేండ్ల వరకు ఉచితవిద్యను హక్కు గావించినది. వయోజనవిద్యలో వికలాంగులు ఇతరులతో సమముగా పాల్గొనునట్లు చూడవలెనని 18వ సెక్షను ప్రభుత్వమును, స్థానికసంస్థలను ఆదేశించినది. మొదటి హక్కునకు బడి యను చోటు కలదు. రెండవదానికి ఊరూర చోటు ఏర్పడవలసియున్నది.

వీరికి నేర్పవలసినదేమి? ముప్పది రూపాయల కూరలు కొని ఏబది రూపాయల నోటు ఇచ్చినచో ఎంత చిల్లర రావలెను, తమ ఊరి బస్సును ఎట్లు గుర్తింపవలెను, ఏ మందుబిళ్ల ఏ పూట వేసికొనవలెను, ఇష్టము లేని స్పర్శను ఎట్లు నిరాకరింపవలెను - ఇవి వారి పాఠములు. ప్రతి పనిని చిన్నచిన్న మెట్లుగా విడదీసి, ఒక మెట్టు కుదిరిన తరువాతనే రెండవదానికి పోవలెను. తరగతిలో కాగితపు నోట్లతో నేర్చిన లెక్క అంగడిలో తనంతట తాను అక్కరకు రాదు. కనుక అంగడిలోనే, అసలు డబ్బుతోనే అభ్యాసము జరుగవలెను. ఇట్టి బోధనకు శాస్త్రము కలదు. 1984లో సికింద్రాబాదున నెలకొన్న జాతీయసంస్థ ప్రత్యేకోపాధ్యాయులకు ఇందు శిక్షణ నిచ్చుచున్నది.

శాస్త్రముతోపాటు మర్యాదయు కావలెను. నలుబదేండ్ల మనిషిని "ఏరా బాబూ" యని పిలిచి, పసిపిల్లల బొమ్మలపుస్తకము చేతబెట్టుట చదువు చెప్పుట కాదు, చిన్నబుచ్చుట. అతనిని "మీరు" అనుటతోనే పాఠము ఆరంభము కావలెను. ఆ పాఠమునకు తగిన తెలుగును సిద్ధము చేయుట భాషోపాధ్యాయుల పని. మనలో మనము ఎట్టి భాష వ్రాసికొన్నను, వారికొరకు వ్రాయునప్పుడు వాక్యమునకొక్క విషయమే చెప్పవలెను. దీర్ఘసమాసములను విడువవలెను. వత్తులపై వత్తులు పడిన మాటకు మారుగా ఇంట వాడు మాటను ఎన్నవలెను. ప్రక్కన పెద్దలకు తగిన బొమ్మ యుండవలెను. బ్యాంకు పత్రము, ఆసుపత్రి చీటి, బస్సు బోర్డు ఈ విధముగా ఉన్నచో మేలు పొందువారు వీరొక్కరే కారు.

2022-27 సంవత్సరములకు ఉద్దేశించిన "ఉల్లాస్" అక్షరాస్యతాకార్యక్రమమున పదునైదేండ్లు దాటిన నిరక్షరాస్యులకు స్వచ్ఛందసేవకులు చదువు చెప్పుదురు. విద్యార్థులును అందు సేవకులు కావచ్చును. ఉపాధ్యాయులు తమ ఊరి జాబితాను ఒకమారు చూతురుగాక. అరుగుమీది ఆ మనిషి పేరు అందున్నదా? లేనిచో చేర్పించుట నేటి పని. అతని ప్రక్కన కూర్చుండి, తొందరపడక, చెప్పినదే మరల చెప్పగల విద్యార్థి నొకనిని వెదకుట రేపటి పని.