నేకెడ్ లైసెన్సింగ్
తన ట్రేడ్‌మార్క్ వాడుకోమని మరొకరికి అనుమతిచ్చి, వాళ్లు తయారుచేసే సరుకు నాణ్యతను యజమాని గాలికొదిలేస్తే అది నేకెడ్ లైసెన్సింగ్. అమెరికాలో ఇలాంటి యజమాని ఆ పేరుపై హక్కునే పోగొట్టుకోవచ్చు.

అక్కడి బార్‌కామెరికా సంస్థకు ‘లియొనార్డో డావిన్సీ’ అనే వైన్ ట్రేడ్‌మార్క్ ఉండేది. 1988లో దాన్ని కాలిఫోర్నియాలోని రెనసాన్స్ వైన్‌యార్డ్స్‌కు లైసెన్సుకిచ్చింది. ఒప్పందంలో నాణ్యత ఊసే లేదు. అదే పేరుతో వచ్చిన ఇటలీ వైన్‌పై కేసు వేశాక ఈ లోపం బయటపడింది. అప్పుడప్పుడూ తాను రుచి చూస్తుంటానని, తయారీదారుకు మంచి పేరుందని యజమాని వాదించాడు. ఎన్నిసార్లు, ఏ సందర్భంలో చూశాడో ఆధారాల్లేవు. 2002లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు హక్కు పోయిందని తేల్చింది. వైన్ బాగుందా లేదా అన్నది అనవసరమనీ చెప్పింది. కఠినంగా కనిపించినా ఇది న్యాయమైన తీర్పే. సీసా మీది పేరును నమ్మి డబ్బు పెట్టే కొనుగోలుదారుకు ఆ పేరు వెనక జవాబుదారు ఒకరుండాలి.

మన 1999 ట్రేడ్‌మార్కుల చట్టంలో, నాణ్యత షరతులు అమలు కాకుంటే లైసెన్సు తీసుకున్నవారి ‘రిజిస్టర్డ్ యూజర్’ నమోదును రిజిస్ట్రార్ రద్దు చేయవచ్చు. ఆ అధికారం 50వ సెక్షన్‌లో ఉంది.