పాత జీపు ఇరుసుకు మళ్లీ ప్రాణం

కందెన లేని ఎద్దులబండి ఇరుసు కీచుమని ముందే చెబుతుంది. జీపు ఇరుసు అలా చెప్పదు. నూనెను మౌనంగా బ్రేకు డ్రమ్ములోకి వదులుతుంది. అందుచేత ఆంధ్ర సరిహద్దునంటిన పావగడ తాలూకా క్యాతగానచెర్లు వంటి గ్రామాలలో పాత ఇరుసు కొనదలచినవారు పైరంగును చూసి మోసపోరాదు.

1940వ దశకం చివర మహీంద్రా సంస్థ మన దేశంలో విల్లీస్ జీపుల కూర్పు ఆరంభించింది. ఆ వంశపు జీపుల ఇరుసును నేర్పరియైన మెకానిక్ సరిచేయగలడు.

మొదట పాత నూనెను తీసి పరిశీలించాలి. లోహపు తళుకులు కనిపిస్తే పళ్లో బేరింగులో అరిగినట్లు. పాలవలె తెల్లబడితే నీరు చేరినట్లు. తరువాత ఇరుసు గొట్టం వంకర చూడాలి. వంగినదానిని విడిచిపెట్టడమే మేలు.

క్రౌన్, పినియన్ జంటగా తయారైనవి. ఒకటి అరిగితే రెండూ మార్చాలి. స్పైసర్ 44 రకంలో వాటి పళ్ల నడుమ సందు సుమారు 0.13 నుంచి 0.23 మిల్లీమీటర్లు ఉండాలి. దీనిని డయల్ గేజితో కొలిచి, పలుచని షిమ్ములతో సరిచేస్తారు.

బేరింగులు, ఆయిల్ సీళ్లు కొత్తవి వేయించాలి. గాలి రంధ్రమైన బ్రీదరును తప్పక శుభ్రపరచాలి. ఇరుసు వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచిస్తుంది. రంధ్రం పూడితే ఆ ఒత్తిడి నూనెను సీలు దాటించి బ్రేకు లైనింగుపైకి నెడుతుంది.

చివరగా తయారీదారు చెప్పిన గేర్ నూనె నింపి, బరువు లేకుండా కొంతదూరం నడిపి, చక్రాల లోపలివైపు తడి ఉన్నదేమో చూడాలి. సీలు ఖరీదు స్వల్పం; పల్లంలో పట్టని బ్రేకుకు మాత్రం ఇంటిల్లిపాదీ మూల్యం చెల్లించవలసి వస్తుంది.